కోల్‌షిల్ సీక్రెట్ ఆర్మీ టూర్: చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, అయినా వెళ్లొచ్చు

ముందే చెప్పేస్తున్నా, బ్రోషర్ చూసి ఆవేశపడి బుక్ చెయ్యకండి. "చర్చిల్ రహస్య సైన్యం అండర్‌గ్రౌండ్ హెడ్‌క్వార్టర్స్" అని అంత లావు అక్షరాలతో వేశారు కానీ భూమి లోపల హెడ్‌క్వార్టర్స్ అంటూ ఏమీ లేదు. హెడ్‌క్వార్టర్స్ నడిచింది ఇంగ్లండ్‌లో కోల్‌షిల్ అనే పల్లెలో ఉన్న కోల్‌షిల్ హౌస్ అనే పెద్ద బంగళాలో, పదిహేడో శతాబ్దంలో కట్టింది, అది 1952లో కాలిపోయింది, మిగిలిన గోడలు కూడా తర్వాత కూల్చేశారు. సో మీరు డబ్బులు కట్టి చూసేది ఏంటంటే ఒకప్పుడు ఇల్లున్న ఖాళీ స్థలం, గుర్రపు శాలలు, కాస్త అడవి, అడవిలో ఒక గొయ్యి. అంతే. మాతో వచ్చిన వాళ్లలో ఒకాయన సగం దారిలోనే "దీనికా ఇంత దూరం వచ్చింది" అని మొహం మాడ్చుకున్నాడు, ఆయన తప్పేం లేదు, బ్రోషర్ అలా ఉంది మరి.

నాకు మాత్రం బాగా నచ్చింది. ఎందుకో రాస్తా, ఎక్కడ చిరాకేసిందో కూడా రాస్తా. ఆపరేటర్ పేరు కావాలనే రాయట్లేదు, చిన్న బిజినెస్, ఒక్క రివ్యూతో వాళ్ల పొట్ట కొట్టడం ఎందుకు.

అసలు సంగతి తెలియని వాళ్లకి కొంచెం బ్యాక్‌గ్రౌండ్. 1940 వేసవి, రెండో ప్రపంచ యుద్ధం, ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలు దక్కించుకుని వచ్చేసింది, ఫిరంగులూ లారీలూ అన్నీ ఫ్రాన్స్‌లోనే వదిలేసి. ఫ్రాన్స్ పడిపోయింది. ఇంక జర్మన్లు ఇంగ్లిష్ ఛానల్ సముద్రం దాటడమే తరువాయి అని అందరూ ఫిక్సయిపోయారు. అప్పుడు కల్నల్ కొలిన్ గబ్బిన్స్ అనే ఆయనకి ఒక పని అప్పజెప్పారు. జర్మన్లు దిగితే వాళ్ల లైన్ల వెనకాల, పల్లెల్లోనే దాక్కుని ఉండి రాత్రిళ్లు బయటికొచ్చి ఇంధనం డంపులూ రైలు పట్టాలూ బ్రిడ్జిలూ పేల్చే మనుషుల్ని ముందే తయారుచేసి పెట్టాలి. మిగతా దేశాల్లో శత్రువు వచ్చి కూర్చున్నాక రెసిస్టెన్స్ పుట్టింది, వీళ్లు మాత్రం శత్రువు రాకముందే రెడీ చేసి పెట్టుకున్నారు. పేరు కూడా ఎవరికీ అనుమానం రాకుండా చాలా బోరింగ్‌గా పెట్టారు, ఆక్సిలరీ యూనిట్స్ అని. ఈ గబ్బిన్స్ గారే తర్వాత ఎస్‌ఓఈకి హెడ్ అయ్యాడు, యూరప్ అంతా ఏజెంట్లని దింపింది ఆ సంస్థే.

వీళ్లలోకి ఎవర్ని తీసుకున్నారంటే, రైతులు, పాలేర్లు, ఎస్టేట్లలో వేట జంతువుల్ని కాపలా కాసే గేమ్‌కీపర్లు, ఆ గేమ్‌కీపర్ల కళ్లుగప్పి కుందేళ్లు కొట్టే దొంగ వేటగాళ్లు, రాళ్ల క్వారీల్లో మందుగుండు పేల్చడం తెలిసినవాళ్లు. చీకట్లో చప్పుడు లేకుండా ఆ పొలాల్లో తిరగడం వీళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. గేమ్‌కీపరూ దొంగ వేటగాడూ ఒకే దళంలో పనిచేశారంటే ఆ మొదటి మీటింగ్ ఎలా జరిగిందో నాకు చూడాలనుంది, నిజంగా. ఒక్కో పెట్రోల్‌లో (బండిలో పోసే పెట్రోలు కాదు, చిన్న దళం అని) నలుగురి నుంచి ఎనిమిది మంది. పైకి మాత్రం హోమ్ గార్డ్ యూనిఫాం, ఊళ్లో ముసలాళ్లూ కుర్రాళ్లూ కలిసి కాపలా తిరుగుతారే ఆ దళం, అందులో మెంబర్లన్నట్టు. మొత్తం సుమారు 3,500 మంది ఇలా ట్రైనింగ్ అయ్యారు, స్కాట్లండ్ పై కొస నుంచి వేల్స్ దాకా తీరం పొడుగునా.

టూర్ మొదలయ్యేది హైవర్త్‌లో, స్విండన్ పక్కన చిన్న టౌను, స్విండన్ నుంచి బస్సుంది. మొదటి స్టాప్ పాత పోస్టాఫీసు బిల్డింగ్. ఇప్పుడు అది పోస్టాఫీసు కాదు, గోడ మీద ఒక పలక ఉంది అంతే, గైడ్ లేకపోతే మనం పక్కనుంచే నడిచి వెళ్లిపోతాం. ఆ రోజుల్లో ఇక్కడ పోస్ట్‌మిస్ట్రెస్ మేబుల్ స్ట్రాంక్స్ అనే పెద్దావిడ. ట్రైనింగ్‌కి వచ్చే ప్రతి మనిషికీ కోల్‌షిల్ అడ్రస్ ఇచ్చేవాళ్లు కాదు, హైవర్త్ పోస్టాఫీసుకి వెళ్లి రిపోర్ట్ చెయ్యమనే చెప్పేవాళ్లు. వచ్చినవాడు కౌంటర్ దగ్గర పాస్‌వర్డ్ చెప్తే ఆవిడ కాగితాలు చూసి, వెనక గదిలోకెళ్లి ఫోన్ చేసి, మళ్లీ వచ్చి నీకోసం ఎవరో వస్తారు, కూర్చో అనేది. కాసేపటికి బండి వచ్చి ఎక్కించుకుపోయేది. ఇంత పెద్ద రహస్య సంస్థకి గేటు కీపర్ ఎవరయ్యా అంటే స్టాంపులమ్మే ఆవిడ. మా గైడ్ ఇక్కడ చాలా బాగా చేశాడు, ఫ్యాక్ట్‌లు గడగడా చదివెయ్యకుండా మమ్మల్ని రోడ్డుకి అటువైపు నిలబెట్టి "మీరిప్పుడు సఫోక్ నుంచి వచ్చిన ఒక పాలేరు, లోపలికెళ్లి ఏం అడుగుతారు" అని ఒక్కొక్కళ్లనీ అడిగాడు. మా బావైతే నిజంగానే తడబడ్డాడు.

అక్కడి నుంచి మినీబస్సులో రెండు మూడు మైళ్లు కోల్‌షిల్. ఇక్కడే నా మొదటి కంప్లైంట్. బస్సు చాలా లేటుగా వచ్చింది, సారీ కూడా లేదు, ఆ లేటుని కవర్ చెయ్యడానికి అడవిలో ఉండాల్సిన టైమ్ కట్ చేశారు కానీ మధ్యలో పెట్టిన గిఫ్ట్ స్టాల్ టైమ్ మాత్రం కట్ చెయ్యలేదు. డమ్మీ టామీగన్ (చేత్తో పట్టుకునే చిన్న మెషిన్‌గన్) పట్టుకుని ఫొటో దిగడానికి విడిగా డబ్బులు, కత్తి బొమ్మున్న మగ్గులు, "సీక్రెట్ ఆర్మీ" టీషర్టులు. బతికున్నంత కాలం పెళ్లానికి కూడా చెప్పకుండా నోరు మూసుకున్న మనుషుల పేరు మీద టీషర్టులు అమ్మడం... ఏమో, నాకు నచ్చలేదు.

కోల్‌షిల్ ఊరూ ఎస్టేటూ ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్లవి. ఊరు ముచ్చటగా ఉంటుంది, రాతి ఇళ్లు. బంగళా ఉన్నచోట దాని ప్లాన్ ఎలా ఉండేదో తెలిసేలా పొట్టి పొదలు పెంచారు, వాటి మధ్యలో నిలబడి గైడ్ చెప్తుంటే ఇక్కడ ఆఫీసర్ల మెస్సు, అటు లెక్చర్లు అని ఊహించుకోవాలి. యుద్ధం టైమ్‌లో ఓనర్ల కుటుంబానికి చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్లు కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయారట, కుక్కలతో సహా. వాళ్లలో ఒకావిడ కేథరిన్ ప్లేడెల్-బూవరీ మంచి పేరున్న పాటరీ ఆర్టిస్ట్. ఒక గదిలో ఆవిడ, కింద గుర్రపు శాలల దగ్గర పల్లెటూరి మనుషులకి గొంతు నొక్కడం నేర్పే క్లాసు. వీకెండ్ కోర్సు, శుక్రవారం వచ్చి ఆదివారం సాయంత్రానికి ఇంటికి పోయి సోమవారం పొద్దున్నే మళ్లీ పాలు పితుక్కోవడం.

ఇంక గొయ్యి. దానికోసమే వెళ్లాలి. అసలు కాలం నాటిది అడవిలో ఉంది కానీ దాంట్లోకి దిగనివ్వరు, దిగేది రెప్లికాలోకి. వీళ్ల భాషలో ఓబీ, అంటే ఆపరేషనల్ బేస్. గైడ్ ఒకచోట ఆగి "మీరిప్పుడు దాని మీదే నిలబడ్డారు" అన్నాడు, అందరం కిందకి చూశాం, ఆకులూ మట్టీ తప్ప ఏమీ లేదు. వంగి ఏదో లాగాడు, నేల ముక్క ఒకటి పైకి లేచింది, చెక్క ట్రేలో మట్టి పోసి పైన ఆకులు పరిచి కౌంటర్ వెయిట్ కట్టారు, అంత బరువుదీ ఒక్క చేత్తో లేస్తుంది. లోపలికి నిటారుగా బావి లాగా షాఫ్టు, ఇనప నిచ్చెన. మా బావ కొంచెం లావు, "బావా ముందు నువ్వు దిగు, నేను ఇరుక్కుంటే కిందనుంచి లాగేవాడు ఒకడుండాలిగా" అన్నాడు, సరే అని నేను దిగా.

కింద నిలబడితే చెయ్యి తగిలే ఎత్తులో వంకీల రేకు పైకప్పు, అర్ధచంద్రాకారంగా వంచి రెండువైపులా నేలదాకా దింపారు, చివర్లలో ఇటుక గోడ. సైజు మన స్లీపర్ బోగీలో ఒక కంపార్ట్‌మెంట్ కంటే కొంచెం పొడుగు, అందులోనే చెక్క బంకులు, బల్ల, పరాఫిన్ స్టవ్, రేషన్ డబ్బాలు, మూలన కెమికల్ టాయిలెట్ అంటే ఒక డబ్బా. గాలి కోసం మట్టి గొట్టాలు పైకి పోయి చెట్టు మొదళ్ల మధ్య తేలతాయి. రేకు మీద నీళ్లు చుక్కలు కట్టి ఉన్నాయి, ఎనిమిది మందిమి దిగామో లేదో రెండు నిమిషాల్లో ఆ చుక్కలు జారి మెడమీద పడ్డం మొదలైంది. మేము ఊపిరి పీలుస్తుంటేనే అలా ఉంటే రోజంతా ఇందులో పడుకుని, వండుకుని, మందుగుండు పక్కనే పెట్టుకుని, చీకటిపడ్డాక బయటికెళ్లాలన్నమాట. రెండోవైపు నుంచి పాకుకుంటూ పోయే ఎస్కేప్ టన్నెల్ ఉంది, కాంక్రీట్ పైపు. పిల్లలు భలే ఎంజాయ్ చేశారు దాంట్లో. నేను సగం వెళ్లి వెనక్కి తిరిగే చోటు లేదని అర్థమై కళ్లు మూసుకుని ముందుకే పాకా.

గైడ్ అక్కడే లైట్ ఆర్పేశాడు. చీకట్లో చెప్పాడు, తిండి రెండు వారాలకే పెట్టేవాళ్లని. రెండు వారాలే ఎందుకు అని ఎవరో అడిగారు. అంతకంటే ఎక్కువ రోజులు బతుకుతారని ఎవరూ అనుకోలేదు అన్నాడు. అంతే, డైలాగులేం కొట్టలేదు, లైట్ వేసి తర్వాతి టాపిక్ మొదలుపెట్టాడు. వైర్‌లెస్ సెట్టు కూడా లేదు వీళ్ల దగ్గర, ఒకసారి మూత వేసుకుని దిగాక పైనుంచి ఆర్డర్లు రావు, పక్క ఊరి పెట్రోల్‌లో ఎవరున్నారో తెలీదు, పట్టుబడినా చెప్పడానికి ఏమీ ఉండకూడదు కాబట్టి. ఇల్లు మైలు దూరంలోనే ఉంటుంది కానీ వెళ్లకూడదు.

అక్కడే ఒక బల్లమీద సామాన్లు పెట్టారు, కమాండోలు వాడే ఫెయిర్‌బెర్న్-సైక్స్ కత్తి, ట్యాంకుకి అంటుకునే స్టికీ బాంబు నమూనా, టైమ్ పెన్సిల్ అనే పెన్సిలంత లోహపు గొట్టాలు రంగు గుర్తులతో, రంగుని బట్టి ఎంతసేపటికి పేలుతుందో తెలుస్తుందట. సైలెన్సర్ ఉన్న పాయింట్ టూటూ రైఫిల్. ఒక గ్యాలన్ రమ్ము జాడీ, సీలు వేసి. నాకు వీటన్నిట్లోకీ నచ్చింది ఒక పుస్తకం. పైన "కంట్రీమ్యాన్స్ డైరీ 1939" అని ఉంటుంది, హైవర్త్ ఎరువుల కంపెనీ ఫ్రీగా పంచిన డైరీలా. మా ఎరువులు ఫలితం కనపడేదాకా కంటికి కనపడకుండా పనిచేస్తాయి అని యాడ్ కూడా ఉంది దానిమీద. తెరిస్తే మొత్తం పేలుడు పదార్థాల మాన్యువల్. ఆ యాడ్ రాసిన ఆఫీసరు ఎవడో గానీ రాసినరోజు రాత్రి బాగా నవ్వుకుని ఉంటాడు. దీని నకలు ప్రింట్ చేసి అమ్మితే ఆ టీషర్టుల బదులు నేను రెండు కొనేవాణ్ణి.

గైడ్ గురించి. రిటైరైన మనిషి, ఈ సబ్జెక్ట్ పిచ్చోడు. బ్రోషర్లో లేని నిజాలు ఆయనే చెప్పాడు. మొదటిది, కోల్‌షిల్ అడవిలో ఉన్న ఓబీ ట్రైనింగ్ కోసం కట్టింది. అందులోంచి ఏ పెట్రోలూ యుద్ధం చెయ్యాలని ప్లాన్ లేదు. అసలైనవి తీరానికి దగ్గర్లో ఉన్న కౌంటీల్లో ఉండేవి, కెంట్, ససెక్స్, నార్‌ఫోక్, డెవన్ అలా, మొత్తం సుమారు 500, చాలావరకు కూలిపోయాయి, చాలా ప్రైవేట్ పొలాల్లో ఉన్నాయి. రెండోది, హీరోయిజం గురించి ఎవరో తెగ పొగుడుతుంటే, వీళ్లకి నేర్పిన పనుల్లో మన ఊరివాళ్లని చంపడం కూడా ఉంది తెలుసా అన్నాడు. జర్మన్లకి సహకరిస్తారని అనుమానం ఉన్నవాళ్లనీ, తమ గురించి ఎక్కువ తెలిసినవాళ్లనీ ముందు లేపెయ్యాలని తమకి చెప్పారని కొందరు వెటరన్లు ముసలితనంలో ఇంటర్వ్యూల్లో చెప్పారు. అవసరం రాలేదు కాబట్టి ఇవాళ మనం దాన్ని థ్రిల్లర్ కథలా వింటున్నాం. ఆ లిస్టులో ఉన్నది పక్కింటాయనే అనుకోండి, యుద్ధం అయిపోయాక పాతికేళ్లు ఆయనతోనే పబ్బులో కూర్చోవాలి.

ఈ మాట విన్నాక వేరే ఆయన, గెడ్డం, ఏదో చదివొచ్చినట్టున్నాడు, అసలు వీళ్లని రెసిస్టెన్స్ అనడమే కరెక్టు కాదు అని వాదన మొదలెట్టాడు. పాయింట్ ఉంది అందులో. వీళ్లు సైన్యం కంట్రోల్‌లో, యూనిఫాంలో, కొద్దిరోజుల విధ్వంసం కోసం పెట్టినవాళ్లు. దేశం ఓడిపోయి శత్రువు పాలన వచ్చాక ఏళ్ల తరబడి లోపల్నుంచి పోరాడ్డానికి కాదు. అలాంటి పని కోసం బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ6 వాళ్లు విడిగా వేరే నెట్‌వర్క్ పెట్టుకున్నారు. గైడ్ కోపం తెచ్చుకోకుండా ఔను అని ఒప్పుకుని, మరి బోర్డు మీద ఏం రాయమంటారు అన్నాడు.

నా రెండో కంప్లైంట్ ఇది, ఇదే పెద్దది. ఆక్సిలరీ యూనిట్స్‌లో ఇంకో సగం ఉంది, స్పెషల్ డ్యూటీస్ బ్రాంచ్ అని. నిజంగా సివిలియన్లంటే వాళ్లే. పాస్టర్లు, డాక్టర్లు, పబ్బు నడిపేవాళ్లు, రైతుల భార్యలు. వీళ్లు బాంబులు పేల్చరు, జర్మన్లు వస్తే ఏ ట్యాంకు ఎటెళ్లింది, బండి మీద ఏ గుర్తుంది అని చూసి కాగితం మీద రాసి ఎక్కడో ఒక రహస్యమైన చోట పడేస్తారు, ఇంకొకరు తీసుకెళ్తారు, చివరికి వైర్‌లెస్ దాచిన చోటికి చేరుతుంది. ఒకచోట అయితే టెన్నిస్ బంతిని కోసి అందులో చీటీ పెట్టి గొట్టంలో వదిలితే అది దొర్లుకుంటూ కింద దాక్కున్న ఆపరేటర్ దగ్గరికి పోయేదట. అవతల ఆ మెసేజ్‌లు అందుకునే స్టేషన్లలో ఏటీఎస్, అంటే సైన్యంలో ఆడవాళ్ల విభాగం, అమ్మాయిలు, వాళ్లూ భూమి లోపలే. చాలామంది అనుకుంటారు ఈ సమాచారం ఆ గోతుల్లో ఉన్న పెట్రోల్స్‌కి వెళ్లేదని, కాదు, నేరుగా ఆర్మీకి. వీళ్లకి వాళ్లున్నట్టు తెలీదు, వాళ్లకి వీళ్లున్నట్టు తెలీదు. ఇంత ఉంటే టూర్లో దీనికి ఇచ్చింది తిరుగు ప్రయాణంలో బస్సులో చివరి కొద్ది నిమిషాలు, అదీ బస్సు చప్పుడులో వెనక సీట్లకి వినపడలేదు. ఆడవాళ్ల పాత్ర ఎక్కడుందయ్యా అంటే ఇక్కడుంది, దాన్ని లేటు బస్సు మింగేసింది. టామీగన్ ఫొటోలు ఎత్తేసి ఆ టైమ్ దీనికిస్తే టూర్ రేంజే మారిపోతుంది.

1944 నవంబర్‌లో వీళ్లని రద్దు చేశారు. పెద్దగా సత్కారాలేమీ లేవు, కోటుకి పెట్టుకునే చిన్న బ్యాడ్జి ఒకటి, 201, 202, 203 అని నంబర్లున్నది, ఆ నంబర్లు ఏంటో చూసినవాడికి తెలీదు, పెట్టుకున్నవాడు చెప్పడు. యుద్ధం టైమ్‌లో ఒంట్లో శక్తి ఉండి కూడా ఊళ్లోనే ఉన్నాడని కొందరికి పిరికివాడని అర్థం వచ్చేలా తెల్ల ఈకలు ఇచ్చారు జనం, అప్పుడూ నోరు విప్పలేదు. లండన్‌లో సెనోటాఫ్ అనే యుద్ధ స్మారకం దగ్గర జరిగే రిమెంబరెన్స్ సండే పరేడ్‌లో వీళ్లు మొదటిసారి నడిచింది 2013లో. అప్పటికి మిగిలింది చాలా కొద్దిమంది. ఇంకో సంగతి గైడ్ చెప్తే మేమంతా నవ్వాం, ఎసెక్స్‌లో ఒక రైతు దగ్గర ఈ దళం మందుగుండు మొత్తం అలాగే ఉండిపోయిందట, ఎవరైనా వచ్చి తీసుకెళ్తారని ఇరవై ఏళ్లు చూసి చూసి 1964లో చివరికి పోలీసులకి చెప్పాడట. బావ వెంటనే "ప్రభుత్వ ఆఫీసులు ఏ దేశమైనా అంతే" అన్నాడు.

ఇంక ప్రాక్టికల్ విషయాలు. మనిషికి 28 పౌండ్లు తీసుకున్నారు, హాఫ్ డే, టీ బిస్కెట్ కలిపి. గైడ్ నాలెడ్జికి ఈ రేటు ఎక్కువేం కాదు, బస్సుకీ స్టాల్‌కీ అయితే ఎక్కువే. బూట్లు గట్టివి వేసుకోండి, వానపడితే అడవి దారి మొత్తం బురద. తెల్ల ప్యాంటు వద్దు, ఆ టన్నెల్లోంచి వచ్చాక బావ ప్యాంటు మోకాళ్ల దగ్గర ఏ రంగో చెప్పడం కష్టం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి నిచ్చెన కష్టం, వాళ్లు పైనే ఉండి చూడొచ్చు కానీ సగం అనుభవం పోయినట్టే. ఇరుకు గదులంటే భయం ఉన్నవాళ్లు దిగొద్దు. పదేళ్లు దాటిన పిల్లలైతే బాగుంటుంది, చిన్నవాళ్లకి హైవర్త్‌లోనే బోర్ కొట్టేస్తుంది. బుక్ చేసే ముందు ఓబీలోకి ఆరోజు దిగనిస్తారా అని ఫోన్ చేసి అడగండి, అన్ని రోజులూ తెరిచి ఉండదు. ఇంటికొచ్చాక ఆవేశంలో మీ ఊరి దగ్గర్లో ఓబీ ఉందేమో అని పార పట్టుకుని ఎవరి పొలంలోకో వెళ్లకండి, పర్మిషన్ సంగతి అటుంచి ఆ రేకులు కుళ్లిపోయి ఉంటాయి, లోపలేమైనా మిగిలున్నా ప్రమాదమే.

ఈ టూర్ వద్దనుకునేవాళ్లకి ఇంకో దారి, సఫోక్‌లో ఫ్రామ్లింగ్‌హామ్ దగ్గర పార్హమ్ అనే పాత అమెరికన్ ఎయిర్‌ఫీల్డ్ ఉంది, అక్కడ కంట్రోల్ టవర్ మ్యూజియం పక్కనే 1997 నుంచి వీళ్ల మీద ఒక మ్యూజియం ఉంది, వాలంటీర్లు నడుపుతారు, వస్తువులు చూడాలంటే అదే బెస్టు. ఏడాది పొడుగునా తెరవరు, రోజులు చూసుకుని వెళ్లాలి, కారు లేకపోతే చేరడం ఇబ్బంది.

ఐదుకి నాలుగు స్టార్లు. గైడ్‌కి విడిగా ఇవ్వమంటే ఐదు, బస్సుకి రెండు, స్టాల్‌కి సున్నా.